సెలవు మీద వచ్చిన సిపాయికి నిద్ర ఎందుకు పట్టదు?

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ మీరు కాపురముంటున్నట్లయితే, మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ చుట్టాల్లోనో మిలిటరీలో పనిచేసే మనిషి ఒకరు వుండే వుంటారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయన ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో రైలు దిగి, భుజాన బరువైన సంచీతో ఇల్లు చేరతారు. ఆ రోజు ఇంట్లో పండగే. సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల పచ్చడి, ఇలా పొయ్యి ఆరదు. వచ్చే చుట్టాలతో, పోయే స్నేహితులతో మొదటి నాలుగు రోజులూ సందడిగా గడిచిపోతాయి.

అయిదో రోజుకు ఇల్లాలు గమనిస్తుంది. రాత్రి రెండు గంటలకు మనిషి మంచం మీద లేడు. మిద్దె మీద పచార్లు చేస్తున్నాడు. పగలు పిల్లవాడి చేతిలో గ్లాసు జారి చప్పుడైతే ఉలిక్కిపడి, ఆ వెంటనే వాడి మీద కసురుకుంటున్నాడు. అన్నం సగంలో లేస్తున్నాడు. "ఏం నాయనా, అట్లుండావే?" అని తల్లి అడిగితే, "ఏం లేదులేమ్మా, బాగానే వుండా" అన్నదే జవాబు.

"మంచులో వుండి వచ్చినాడు గదా, కొన్నాళ్లు పోతే సర్దుకుంటాడు" అని పెద్దవాళ్లు అంటారు. మంచు, ఎండ, తుపాకీ మోత మనిషిని బాధపెట్టేవే. కాదనడం లేదు. అయితే ఆ బాధలకు అతను శిక్షణ పొందే వెళ్లాడు. పైఅధికారి పదిమందిలో చేసిన అవమానానికీ, ఆఫీసులో నెలల తరబడి కదలని కాగితానికీ ఏ శిక్షణా లేదు. చాలామంది జవాన్లకు ఉద్యోగం మీద తృప్తినీ, కంటికి నిద్రనూ దూరం చేస్తున్నవి ఇవే. ఈ సంగతి ఇంట్లో వాళ్లకు తెలిసి వుండడం చాలా అవసరం. ఎందుకంటే అతను తనంతట తాను చెప్పడు.

జవాన్లు చెప్పిన కారణాలు

ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైనిక అధ్యయన సంస్థ తరఫున ఒక కర్నలు చేసిన పరిశీలన 2021 జనవరిలో పత్రికలకెక్కింది. సైన్యంలో సగానికి పైగా తీవ్రమైన మానసిక వత్తిడిలో వున్నట్లు కనబడుతోందని అందులో రాశారు. పరిశీలించిన మనుషుల సంఖ్య చాలా తక్కువనీ, దాన్నిబట్టి మొత్తం సైన్యాన్ని అంచనా వెయ్యరాదనీ సైన్యం అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం సబబైనదే. కాబట్టి లెక్కను పక్కన పెట్టి, అందులో చెప్పిన కారణాలను మాత్రం చూడండి.

జవాన్లు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల విషయంలో కనిపించినవి: సెలవు ఇవ్వకపోవడం లేదా ఆలస్యంగా ఇవ్వడం, మితిమీరిన పని, ఇంటి సమస్యలు, పైవాళ్ల చేతిలో అవమానం, మర్యాద లేకపోవడం, మొబైలు ఫోను మీద అర్థంలేని ఆంక్షలు. ఆఫీసర్ల విషయంలో కనిపించినవి: నాయకత్వంలో లోపాలు, చాలినన్ని వనరులు లేకపోవడం, మాటిమాటికీ బదిలీలు, పోస్టింగుల్లో, ప్రమోషన్లలో న్యాయం కనబడకపోవడం, పైవాళ్లు ఏదీ తేల్చి చెప్పకపోవడం.

ఈ రెండు జాబితాల్లో ఎక్కువ పాలు అధికారులకూ, కాగితాలకూ సంబంధించినవే. ఆఫీసరు కూడా ఇందులో బాధితుడే. పైనుంచి అతని మీద పడిన వత్తిడే మెట్టు మెట్టుగా దిగి జవాను నెత్తిన పడుతుంది.

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. తెలుగువాళ్లు సిపాయిలుగా చేరడం ఎంత పాతదంటే, ఉత్తరాదిన ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అనే పిలిచేవారు. అలాంటి మద్రాసు సైన్యంలో 1805 నవంబరులో ఒక ఆర్డరు వచ్చింది. డ్యూటీలో నొసట బొట్టు, నామం పెట్టరాదు, గడ్డం వుండరాదు, కొత్తరకం టోపీ లాంటి తలపాగా పెట్టాలి. మొరపెట్టుకున్న కొందరికి కొరడా దెబ్బలు పడ్డాయి. 1806 జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఇరువైపులా ఎన్నో ప్రాణాలు పోయిన తర్వాత ఆ ఆర్డరును వెనక్కి తీసుకున్నారు. మొదటి మొరనే ఎవరైనా విని వుంటే ఎంత నష్టం తప్పేదో ఆలోచించండి.

శరీరంలో ఏం జరుగుతుంది?

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపుపోటు పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ప్రమాదం దాటిపోగానే అన్నీ మామూలు స్థితికి వస్తాయి. ఇది ప్రకృతి మనకిచ్చిన రక్షణ.

చిక్కంతా ప్రమాదం దాటిపోకపోతేనే. శత్రువుతో పోరు ఒక గంటకో, ఒక రాత్రికో ముగుస్తుంది. 'చెల్లెలి పెండ్లికి సెలవు ఇస్తారా, ఇవ్వరా?' అన్న ప్రశ్న రెండు నెలలు నడుస్తుంది. అన్నాళ్లూ ఆ హార్మోన్లు కొద్దికొద్దిగా వూరుతూనే వుంటాయి. దాంతో నిద్ర తగ్గుతుంది, కడుపులో మంట, తలనొప్పి, మెడనొప్పి మొదలవుతాయి. కొన్నేళ్లు ఇలాగే సాగితే రక్తపుపోటు, గుండెజబ్బు, చక్కెర వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుంది.

దీనికి గట్టి ఆధారమే వుంది. లండనులో ప్రభుత్వ ఉద్యోగులు సుమారు 18 వేల మందిని 1967 నుంచి వైద్యులు పరిశీలించారు. పెద్ద అధికారులకే టెన్షను ఎక్కువ, వాళ్లకే గుండెపోటు వస్తుందని అందరూ అనుకునేవారు. తేలింది మరొకటి. అన్నిటికంటె కింది తరగతి ఉద్యోగుల్లో గుండెజబ్బు మరణాలు పై తరగతి వాళ్లకంటె సుమారు మూడు రెట్లు. సిగరెట్లు, కొవ్వు లాంటి కారణాలు తీసివేసి చూసినా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో పరిశీలనలో, తన పని మీద తనకు ఏమాత్రం అధికారం లేకపోవడమే ఒక ముఖ్యమైన కారణమని వెల్లడైంది. రోజంతా ఒకరి ఆజ్ఞకు ఎదురుచూసే మనిషి గుండె మీద ఎంత బరువు వుంటుందో దీన్నిబట్టి మీరే వూహించుకోవచ్చు.

మంచి ఆఫీసరు మందు లాంటివాడు

మరి ఆజ్ఞ లేనిదే సైన్యం నడవదు గదా అంటారా? నిజమే. ఆజ్ఞ ఇచ్చే తీరులోనే వుంది తేడా అంతా.

మొదటి ప్రపంచ యుద్ధంలో పటాలం డాక్టరుగా పనిచేసిన లార్డ్ మోరాన్ తన అనుభవాలను 1945లో పుస్తకంగా రాశారు. ధైర్యం బ్యాంకులో దాచుకున్న డబ్బు లాంటిదని ఆయన అభిప్రాయం. రోజూ ఖర్చవుతూ వుంటుంది. ఖర్చే తప్ప జమ లేకపోతే ఎంతటి వీరుడికైనా ఖాతా ఖాళీ అవుతుంది. సకాలంలో సెలవు, కంటినిండా నిద్ర, ఒక మంచిమాట, ఇవన్నీ జమలు. మంచి ఆఫీసరుకు తన జవాన్ల ఖాతాలు ఎక్కడెక్కడ వున్నాయో తెలిసి వుంటుంది.

డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో ప్రారంభమైనప్పుడు సేనాధిపతి చెట్వుడ్ యువ అధికారులకు ఒక వరుస చెప్పారు. దేశం ముందు, చేతికింది జవాన్ల మర్యాద, క్షేమం ఆ తర్వాత, సొంత సుఖం చిట్టచివర. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో తన పటాలానికి ముందు తానే నడిచి ప్రాణమిచ్చారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. తనను పంపేవాడు తనకంటె ముందు నడుస్తాడన్న నమ్మకం వుంటే, మనిషికి కష్టం కష్టంగానే వుంటుంది గానీ అవమానంగా వుండదు.

అలాకాక, చిన్న తప్పుకు తండ్రి వయసున్న హవల్దారును కుర్ర సిపాయిల ముందు తిట్టే అధికారి చేతిలో అదే పని నరకమవుతుంది. జీతం అదే, కొండ అదే, చలి అదే. మనిషి ఆరోగ్యం మాత్రం అది కాదు.

కాగితం పెట్టే జబ్బు

అమెరికాలో హెర్జ్‌బెర్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1959లో ఒక పరిశోధన ప్రకటించాడు. ఉద్యోగంలో సంతోషమిచ్చినవేవి, దుఃఖపెట్టినవేవి అని ఇంజనీర్లనూ, అకౌంటెంట్లనూ అడిగాడు. సంతోషమిచ్చినవి చేసిన పనీ, దానికి దక్కిన గుర్తింపూ. అసంతృప్తి కారణాల్లో మొదటి స్థానం ఆఫీసు నిబంధనలదీ, పరిపాలనదీ. వాళ్లెవరూ సైనికులు కారు. అయినా మన జవాన్ల జాబితా పక్కన దీన్ని పెట్టి చూస్తే పెద్ద తేడా కనబడదు.

సెలవు సంగతే తీసుకోండి. సైన్యంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు నిబంధనల్లో వున్నాయి. అయితే డ్యూటీ అవసరాన్నిబట్టి ఆపే అధికారం కూడా అదే నిబంధనల్లో వుంది. ఎందుకు ఆపారో, మళ్లీ ఎప్పుడిస్తారో చెబితే మనిషి ఓర్చుకుంటాడు. ఏమీ చెప్పకపోతే రాత్రి నిద్రపోడు.

ఇంకొకటి వైద్య తరగతి. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే అయిదు అక్షరాలతో కొలుస్తారు. మనసు, వినికిడి, కాళ్లుచేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు. తరగతి తగ్గితే ప్రమోషనుకూ, సర్వీసు పొడిగింపుకూ దెబ్బ తగులుతుందని జవాను భయం. ఆ భయంతో రక్తపుపోటునూ, దిగులునూ పటాలం డాక్టరు దగ్గర దాచిపెడతాడు. దాచిన జబ్బు పెరుగుతుంది గానీ తరగదు.

మరొకటి పక్కవాళ్లతో పోలిక. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులను అడిగి తెలుసుకున్న విషయాలను స్టౌఫర్ బృందం 1949లో పుస్తకంగా వెలువరించింది. ప్రమోషన్లు త్వరగా వచ్చే వైమానిక దళం వాళ్లకంటె, ఆలస్యంగా వచ్చే మిలిటరీ పోలీసులే ప్రమోషన్ల విషయంలో ఎక్కువ తృప్తిగా వున్నారట! కారణం తెలిసిందే. చుట్టూ అందరికీ ప్రమోషను వచ్చి తనకు రాకపోతే మనసు కుములుతుంది. ఇప్పుడు మీ సంగతి. మనిషి ఇంటికి వచ్చిన మూడోనాడే "వాళ్ల పిల్లోడు బెంగుళూరు కంపెనీలో ఎంత తెస్తాండో చూడు, కువైట్ పోయినోడు మిద్దె కట్టినాడు" అని మీరు మొదలుపెడితే, అది తగిలేది ఆ మానని పుండు మీదనే.

ఈ గుర్తులు కనిపెట్టండి

కింద చెప్పిన వాటిలో మూడు నాలుగు రెండు వారాలకు మించి వుంటే అశ్రద్ధ చెయ్యవద్దు.

1. రాత్రి నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చెయ్యడం, పీడకలలు.
2. చిన్నమాటకే మండిపడడం, లేదా ఎవరితోనూ మాట్లాడక గదిలో ఒంటరిగా కూర్చోవడం.
3. ఆకలి మందగించడం, కడుపులో మంట, రోజూ తలనొప్పి, ఛాతీలో బరువు.
4. ఇదివరకు ఎప్పుడో ఒకసారి తాగే మనిషి రోజూ తాగడం, తాగితే గానీ నిద్ర రాదనడం.
5. సెలవు ముగిసే రోజు దగ్గరపడేకొద్దీ ముఖం వాడిపోవడం.
6. "నేనుండి ఏం లాభం?", "నేను లేకపోయినా పింఛను వస్తుందిలే" లాంటి మాటలు.

ఆరోది వినబడితే రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే కదలాలి.

ఇంట్లో మీరు చెయ్యవలసినవి

ముందుగా వినడం నేర్చుకోండి. "మగోడివి, మిలిటరీవాడివి, నీకేం బాధ?" అనే మాట నోట రానివ్వకండి. "అక్కడ నీ మీద ఆఫీసరు ఎట్లాంటోడు? సెలవు దొరకడం కష్టమయిందా?" అని సూటిగా అడగండి. చాలామంది మొదటిసారిగా నోరు విప్పేది ఇలాంటి ప్రశ్నకే. సలహా చెప్పనక్కరలేదు. మధ్యలో అడ్డు రాకుండా విన్నా సగం బరువు దిగుతుంది.

ఇంటి తగాదాలన్నీ ఆ సెలవుకోసమే మూటగట్టి వుంచకండి. చీనీతోట గట్టు తగాదా, అన్నదమ్ముల భాగాలు, బంగారం కుదువ వ్యవహారం ఒక్కవారంలో అతని నెత్తిన వెయ్యడం భావ్యం కాదు. అలాగని అసలు దాచకండి కూడా. దాచిన సంగతి ఫోనులో వేరెవరో చెబితే అక్కడ ఒంటరిగా కుములుతాడు. భూమి తగాదాల్లో కమాండింగ్ ఆఫీసరు ద్వారా జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాయించవచ్చు. కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీరే అర్జీ ఇవ్వవచ్చు. యుద్ధరంగం లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో వున్న సైనికుడి పరోక్షంలో కోర్టు కేసు నడవకుండా 1925 నాటి చట్టమొకటి రక్షణ ఇస్తోంది.

నిద్ర విషయం. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఉదయం ఒకే వేళకు లేవమనండి. సాయంత్రం దాటాక కాఫీ, టీ వద్దు. మధ్యాహ్నం కునుకు అరగంట చాలు. క్యాంటీను సీసా నిద్ర తెప్పిస్తుందనేది భ్రమ. తొలిజాములో మత్తు కలిగినా నడిరాత్రి మెలకువ తెప్పించేది అదే. నిద్రమాత్రలు మందుల షాపులో సొంతంగా కొనవద్దు.

రక్తపుపోటు పరీక్ష చేయించండి. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక, వేరువేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూడాలి. 140/90 గానీ అంతకు మించి గానీ వుంటే డాక్టరును కలవాలి. ఉప్పు రోజుకు ఒక చెమ్చా దాటకూడదు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు మన ప్రాంతంలో ఆ లెక్కను చప్పుడు కాకుండా దాటించేస్తాయి.

ఇక చావు మాట అతని నోట వస్తే, "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది తప్పు అభిప్రాయం. అడగడంవల్ల మనిషికి ఊరటే కలుగుతుంది. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, ఆయుధాలు అందుబాటులో వుంచకండి. ప్రభుత్వంవారి టెలి-మానస్ నంబరు 14416 కు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. సైనికులకోసం పూణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరు 1న ప్రత్యేక విభాగం కూడా ప్రారంభించారు. కడపలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకుపోవడం సిగ్గుపడే పని ఎంతమాత్రం కాదు.

మొర చెప్పుకునే దారులు

అన్యాయం జరిగిందనుకున్న జవానుకు దారులు లేకపోలేదు. పటాలంలో జరిగే సైనిక సమ్మేళనంలో చెప్పుకోవచ్చు, కమాండింగ్ ఆఫీసరుతో ఇంటర్వ్యూ అడగవచ్చు. 1950 నాటి ఆర్మీ చట్టంలోని 26వ సెక్షను జవానుకు ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చింది. కొందరు జవాన్లు తమ గోడు వీడియోలలో చెప్పుకున్న సందర్భంలో, 2017 జనవరిలో సైన్యాధిపతి జనరల్ రావత్ ఫిర్యాదుల పెట్టెలు పెట్టించారు. పై అధికారుల నిర్ణయాలమీద సైనిక ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అది 2009లో ప్రారంభమైంది, మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. సరిహద్దు భద్రతా దళం, సి.ఆర్.పి.ఎఫ్. లాంటి వాటి నిబంధనలు వేరు. వాళ్లు తమ దళం నిబంధనలు విడిగా తెలుసుకోవాలి.

ఈ దారులన్నీ నిదానంగా నడిచేవే. అయినా వున్నాయని తెలియడమే ఒక చికిత్స. చెయ్యడానికి ఏదో ఒకటి వుందనుకున్న మనిషికీ, ఏమీ లేదనుకున్న మనిషికీ రక్తపుపోటులో కూడా తేడా వుంటుంది.

రిటైరయి వచ్చాక

సిపాయి పింఛనుకు 15 ఏళ్ల సర్వీసు చాలు కాబట్టి, చాలామంది నలభై ఏళ్లు నిండకముందే ఇంటికి చేరతారు. నిన్నటిదాకా 'హవల్దార్ సాబ్'. ఇవాళ ఏదో బ్యాంకు గేటు ముందు వాచ్‌మన్. దీనికి తోడు పింఛను కాగితాలు. పెండ్లి, పిల్లల పుట్టుక సర్వీసులో వుండగానే 'పార్ట్ టూ ఆర్డరు'లో ఎక్కించకపోతే, భార్య పేరు రికార్డులో ఒక తీరుగా, ఆధారులో మరో తీరుగా వుంటే, ఆ ఒక్క అక్షరం కోసం నెలలు తిరగాలి. ఇది సర్వీసులో వుండగానే సరిచేసుకోవలసిన పని. ఈ సెలవులోనే ఇద్దరూ కూర్చుని కాగితాలు సరిచూసుకోండి. ఇప్పుడు పింఛను వ్యవహారం 'స్పర్శ్' అనే కంప్యూటరు పద్ధతిలో నడుస్తోంది. ఏటా జీవన ప్రమాణపత్రం ఇవ్వడం మరిచిపోకూడదు.

కాగితాల పనికి వారంలో ఒక రోజు కేటాయించండి. ప్రతి అర్జీకీ నకలు, తేదీ ఒక ఫైలులో పెట్టండి. మిగిలిన ఆరు రోజులూ ఆ మాట ఎత్తవద్దు. ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో రక్తపుపోటు మాత్ర మానవద్దు. మాజీ సైనికుల వైద్య పథకం 2003 నుంచి వుంది, దాని కార్డు తప్పక తీసుకోండి. ఉదయం పెన్న ఒడ్డునో, చేని గట్టునో ఓ గంట నడక అన్నిటికంటె చౌకైన మందు.

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతి సంగతి కూడా చెప్పాలి. అందులో చేరినవారికి సర్వీసు నాలుగేళ్లు. నూటికి 25 మంది వరకే రెగ్యులరుగా తీసుకుంటారు, మిగిలినవారికి పింఛను లేదు, సుమారు 11.71 లక్షల సేవానిధి వుంటుంది. ఉంటానా, పోతానా అనే అనిశ్చితే పెద్ద వత్తిడి. తిరిగి వచ్చిన కుర్రవాడిని "సెలెక్టు కాలేదా?" అని నలుగురిలో అడిగితే, దేశానికి నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి పరీక్ష తప్పినవాడిగా చేసినట్లే. రెండో దారి గురించి మూడో ఏడే మాట్లాడుకోండి.

సైన్యంలో ఆఫీసరును మార్చడం మీ చేతిలో లేదు. కదలని ఫైలును ఇక్కడినుంచి కదిలించడమూ మీవల్ల కాదు. కానీ ఆ మనిషి ఏడాదిలో కొన్ని వారాలు మీ ఇంట్లో వుంటాడు. ఆ కొన్ని వారాల్లో ఆజ్ఞలు లేకుండా, పోలికలు లేకుండా, మాట్లాడితే వినేవాళ్లు వుండేలా చూడడం మాత్రం పూర్తిగా మీ చేతిలో పని. ఈసారి అతను సెలవు మీద వస్తే, మొదటి రోజు సంగటి, పులుసు వడ్డించండి. రెండో రోజు పక్కన కూర్చుని, అక్కడ ఎలా వుందో అడగండి.